రెండు శాతానికి ముందు: మన నేలపై ఉమ్మడి కంపెనీల కథ

ఏజెన్సీలో ఏ ఊరికి పోయినా ఈ రోజుల్లో ఒక బోర్డు కనిపిస్తుంది. స్కూలు గోడ మీదో, మంచినీళ్ల ట్యాంకు మీదో, బస్ షెల్టర్ మీదో "ఫలానా కంపెనీ సీఎస్ఆర్ నిధులతో" అని పెద్ద అక్షరాలు ఉంటాయి. మన పిల్లలు అది చదివి కంపెనీవాళ్లు దానం చేశారనుకుంటారు. పెద్దవాళ్లూ చాలామంది అలాగే అనుకుంటారు. ప్రారంభోత్సవానికి డప్పులు, థింసా ఏర్పాటు చేసేదీ మనమే, శాలువా కప్పేదీ మనమే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఆ డబ్బు దానం కాదు. 2013 నాటి కంపెనీల చట్టం ప్రకారం ఖర్చు పెట్టి తీరాల్సిన సొమ్ము. ఆ చట్టం రాకముందే మన నేల మీద తయారయ్యే కరెంటులో, బొగ్గులో, ఖనిజంలో మన వాటా ఎంత అనే ప్రశ్న కోర్టుల్లో, పార్లమెంటులో నలిగింది. అప్పుడు వినిపించిన అంకెలు ఈ రెండు శాతం కంటే చాలా పెద్దవి. ఆ చరిత్ర మన పాఠ్యపుస్తకాల్లో లేదు కాబట్టి ఈ ప్రత్యేక సంచికలో రాస్తున్నాను.

మాచ్‌ఖండ్, బలిమెల

ముంచింగిపుట్టు దాటి ఒడిశా సరిహద్దుకు పోతే మాచ్‌ఖండ్ నది డుడుమ దగ్గర ఐదువందల అడుగులకు పైగా లోతున్న లోయలోకి దూకుతుంది. ఆ నీటితో కరెంటు తీయాలని 1940లలో మద్రాసు, ఒరిస్సా ప్రభుత్వాలు ఒప్పందం చేసుకున్నాయి. పైన జోలాపుట్ దగ్గర ఆనకట్ట కట్టారు. 1955లో మొదటి యూనిట్ తిరిగింది. అప్పటికి మద్రాసు స్థానంలో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఆరు యూనిట్లూ కలిపి సుమారు 120 మెగావాట్ల కేంద్రం అది. ఈనాటి భాషలో చెప్పాలంటే రెండు ప్రభుత్వాల జాయింట్ వెంచర్. కరెంటులో మొదట మనవైపు 70, ఒడిశాకు 30 వంతు అనుకున్నారు. తరువాత అది సగం సగం అయింది. ఆ వాటాల మీద, ఖర్చుల మీద రెండు రాష్ట్రాల అధికారులు దశాబ్దాలపాటు ఉత్తరాలు రాసుకున్నారు, సమావేశాలు పెట్టుకున్నారు.

ఆ ఒప్పందంలో రెండే పక్షాలు. నీటి కింద పోయిన పొలాలు, సాగు కొండలు ఎవరివో ఆ జనం అందులో పక్షం కాదు. నిర్వాసితుల మీద పనిచేసిన పరిశోధకులు మాచ్‌ఖండ్ వల్ల ఇళ్లూ భూములూ పోయిన కుటుంబాలు 2,938 అని లెక్క రాశారు. అందులో సగానికి పైగా గిరిజన కుటుంబాలు. పునరావాసం దక్కింది 600 కుటుంబాలకే. మిగిలినవాళ్లు ఎటు పోయారో చెప్పే కాగితం లేదు. తీగలు మాత్రం కొండలు దాటి మైదానానికి పోయాయి.

అదే నది కిందికి వచ్చేసరికి సీలేరు అవుతుంది. ఎగువ సీలేరు 240 మెగావాట్లు, పొల్లూరు దగ్గర దిగువ సీలేరు 460 మెగావాట్లు. సరిహద్దులో రెండు రాష్ట్రాలూ కలిసి కట్టిన బలిమెల జలాశయం ఉంది. దాని నీళ్లను చెరి సగం వాడుకోవాలన్నది ఒప్పందం. ఆ సగం లెక్క తప్పకుండా నీళ్లు కొలిచే ఏర్పాటు కూడా ఉంది. ఇక్కడ ఒక్క విషయం దగ్గర ఆగండి. బలిమెల నిండినప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో కొన్ని ఊళ్లు మునిగిపోయాయి. మునగని ఊళ్లకు మూడు వైపులా నీళ్లు, ఒక వైపు కొండలు మిగిలాయి. వాటికి ప్రభుత్వ కాగితాల్లోనే "కటాఫ్ ఏరియా" అని పేరు పడింది. 151 ఊళ్లు. రోగిని ఆసుపత్రికి తీసుకుపోవాలన్నా, రేషన్ బియ్యం తెచ్చుకోవాలన్నా లాంచీయే గతి. 2018 జులైలో గురుప్రియ వంతెన ప్రారంభమయ్యేదాకా దాదాపు అర్ధ శతాబ్దం ఇదే బతుకు. నీళ్లను సగానికి సగం పంచుకోవడం రెండు ప్రభుత్వాలకూ వెంటనే తెలిసింది. 910 మీటర్ల వంతెన కట్టడానికి మాత్రం అన్నేళ్లు పట్టింది.

ఉమ్మడి అనే మాట విన్నప్పుడల్లా నాకు ఈ వంతెనే గుర్తొస్తుంది.

బొగ్గు: 51, 49

గోదావరి అవతల కథ ఇంకా పాతది. 1871లో భూగర్భ సర్వే శాఖకు చెందిన డాక్టర్ కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు పొరలు గుర్తించాడు. అక్కడి ఒక పొరకు ఆయన పేరే పెట్టారు. అక్కడ అంతకుముందు నుంచీ ఉన్నవాళ్లు కోయలు. నల్లరాయి మండుతుందని వాళ్లకు ఎవరో వచ్చి చెప్పాల్సిన పని ఉండేదా అన్నది నా అనుమానం, సరే. 1886లో నిజాం దగ్గర హైదరాబాద్ దక్కన్ కంపెనీ అనే ఇంగ్లీషువాళ్ల సంస్థ తవ్వకం హక్కులు తీసుకుంది. 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడింది. ఇల్లందు దగ్గరి ఒక చిన్న ఊరి పేరు అంత పెద్ద కంపెనీ పేరయింది. 1945లో నిజాం ప్రభుత్వం దాన్ని తన చేతిలోకి తీసుకుంది. 1956లో అది ఆంధ్రప్రదేశ్ చేతికి వచ్చింది. 1960 నుంచి కేంద్రం కూడా వాటాదారు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం. దేశంలో ఒక రాష్ట్రమూ కేంద్రమూ కలిసి నడుపుతున్న పెద్ద ఇంధన సంస్థల్లో ఇదొకటి.

ఈ 51 అంకెకు చట్టంలో బరువుంది. ప్రభుత్వాల వాటా 51 శాతానికి తగ్గకపోతేనే దాన్ని ప్రభుత్వ కంపెనీ అంటారు. తర్వాత చెప్పబోయే సుప్రీంకోర్టు తీర్పు దగ్గర ఈ మాట మళ్లీ పనికొస్తుంది.

సింగరేణి వల్ల ఎవరికీ మేలు జరగలేదని నేను అనను. లక్షల కుటుంబాలు దాని మీద బతికాయి, కార్మిక సంఘాలు పోరాడి మంచి జీతాలు సాధించాయి, మనవాళ్లు కొందరికి ఉద్యోగాలు వచ్చాయి. అయితే లాభం పంచుకునే చోట 51, 49 కలిపితే నూరు. ఇల్లందు, మణుగూరు, కొత్తగూడెం నేలకు అందులో వాటా అనే గడి లేదు.

20 శాతం అన్న తీర్పు

ఆ గడి ఉండాలని మొదటిసారి గట్టిగా చెప్పింది 1997 జులై 11న సుప్రీంకోర్టు. కేసు మనదే. విశాఖ ఏజెన్సీలో అనంతగిరి మండలం, బొర్రా గుహల చుట్టుపక్కల ఊళ్లలో ప్రైవేటు సంస్థలకు గనుల లీజులు ఇచ్చారు. గిరిజనుల భూమి గిరిజనేతరులకు పోకూడదని 1959 నాటి రెగ్యులేషన్, దాన్ని బిగించిన 1970 నాటి 1/70 చెబుతున్నాయి. మరి ప్రభుత్వం తన భూమి అంటూ ప్రైవేటు కంపెనీకి లీజు ఇస్తే? "సమత" అనే స్వచ్ఛంద సంస్థ ఈ ప్రశ్నతో కోర్టుకు వెళ్లింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు ఒకవైపు, ఒకరు మరోవైపు నిలిచారు. జస్టిస్ కె. రామస్వామి రాసిన తీర్పులో ప్రభుత్వం కూడా చట్టం దృష్టిలో ఒక "వ్యక్తి"యేనని, షెడ్యూల్డ్ ప్రాంతంలో తన భూమినైనా గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు లీజుకు ఇవ్వరాదని తేల్చారు. ప్రభుత్వ గనుల సంస్థ తవ్వవచ్చు, లేదా గిరిజనుల సహకార సంఘాలు తవ్వుకోవచ్చు.

సమత తీర్పు గురించి మాట్లాడేవాళ్లు ఇక్కడితో ఆపేస్తారు. నాకు దాని తరువాతి మాటే ముఖ్యం. నికర లాభంలో కనీసం 20 శాతాన్ని శాశ్వత నిధిగా పక్కన పెట్టి అక్కడి జనానికి నీళ్లు, బడులు, ఆసుపత్రులు, పారిశుద్ధ్యం, రోడ్ల కోసం ఖర్చు చేయాలని ఆ తీర్పులో ఉంది. అడవి తిరిగి పెంచే ఖర్చు, పర్యావరణం కాపాడే ఖర్చు ఈ 20 శాతంలో కలపకూడదని కూడా రాశారు. వ్యాపారంలో భాగంగానే ఆ ఖర్చు పెట్టాలన్నారు, దయ అనలేదు.

అది దేశమంతటికీ చట్టం అయి ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. కాలేదు. 2001లో ఛత్తీస్‌గఢ్‌కు సంబంధించిన బాల్కో కేసులో సుప్రీంకోర్టే సమత తీర్పు మీద గట్టి సందేహాలు వెలిబుచ్చింది. మన దగ్గరేమో తీర్పులో "ప్రభుత్వ సంస్థ" అన్న మాటే తలుపు అయింది. 2005లో, 2007లో విశాఖ మన్యం బాక్సైట్‌ను ప్రభుత్వ గనుల సంస్థ తవ్వి ప్రైవేటు కంపెనీలకు సరఫరా చేసే ఒప్పందాలు వచ్చాయి. ముందు ప్రభుత్వ సంస్థ పేరు, వెనుక ప్రైవేటు ఫ్యాక్టరీ. మన్యం ఏళ్లపాటు ఒప్పుకోలేదు. 2015లో వచ్చిన జీవో 97ను 2019లో రద్దు చేశారు.

పక్కనే ఒడిశాలోని నియమగిరిలోనూ ఇలాంటి జోడీయే, ఒడిశా గనుల సంస్థ, వేదాంత. 2007, 2008 ఉత్తర్వుల్లో సుప్రీంకోర్టు అక్కడి ప్రాంత అభివృద్ధికి ఏటా లాభంలో 5 శాతం గానీ 10 కోట్లు గానీ, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలంది. పదేళ్లలో 20 కాస్తా 5 అయిందన్నమాట. 2013లో 12 గ్రామసభలు పెట్టి డోంగ్రియా కోందులను అడిగితే పన్నెండూ వద్దనే చెప్పాయి. వాళ్లు శాతం గురించి బేరమే ఆడలేదు.

26 పోయి 2 వచ్చింది

2011లో కేంద్రం గనుల చట్టానికి కొత్త బిల్లు తెచ్చింది. బొగ్గు కంపెనీలు నికర లాభంలో 26 శాతాన్ని గనుల వల్ల దెబ్బతిన్న జిల్లాల నిధికి ఇవ్వాలని అందులో ఉంది. పరిశ్రమల సంఘాలు గగ్గోలు పెట్టాయి. బిల్లు స్థాయీ సంఘానికి వెళ్లింది. 2014లో 15వ లోక్‌సభ రద్దవడంతో మురిగిపోయింది.

ఆ బిల్లు పార్లమెంటులో నానుతున్న రోజుల్లోనే కంపెనీల చట్టం ఆమోదం పొందింది. దాని 135వ సెక్షనే మనం సీఎస్ఆర్ అని పిలుస్తున్నది. 2014 ఏప్రిల్ 1 నుంచి అమలు. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవర్ 1,000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటినా ఆ కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాలి.

నూరు కోట్ల లాభం వచ్చే ఒక గనిని ఊహించుకోండి. సమత తీర్పు లెక్కన 20 కోట్లు. 2011 బిల్లు లెక్కన 26 కోట్లు. ఇప్పటి సీఎస్ఆర్ లెక్కన 2 కోట్లు. లాభం లెక్కించే పద్ధతి మూడింటిలో ఒకటి కాదు కాబట్టి ఇది పైపై పోలికే. అయినా కొండకూ పుట్టకూ ఉన్న తేడా కనిపిస్తూనే ఉంది.

2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ నిధి పెట్టారు. ఇది లాభం మీద కాదు, రాయల్టీ మీద. 2015 జనవరికి ముందున్న లీజులైతే రాయల్టీలో 30 శాతం, తరువాత వేలంలో పొందినవైతే 10 శాతం. 30 అనగానే పెద్దగా వినిపిస్తుంది. బొగ్గు మీద రాయల్టీ ధరలో 14 శాతం. అంటే 100 రూపాయల బొగ్గుకు రాయల్టీ 14 రూపాయలు, అందులో నిధికి వచ్చేది 4 రూపాయల 20 పైసలు. అయినా దీన్ని తక్కువ చేయకండి. కంపెనీకి నష్టం వచ్చిన ఏడాది కూడా ఈ డబ్బు ఆగదు. సీఎస్ఆర్ అలా కాదు, లాభం లేకపోతే రెండు శాతం సున్నా.

ఉమ్మడి అయితే ఎవరు ఇవ్వాలి

రెండు సంస్థలు కలిసి ప్రాజెక్టు పెట్టినప్పుడు గ్రామసభలో మనకు తరచూ వినిపించే జవాబు "అది మా పరిధి కాదు, వాళ్లను అడగండి". అందుకే ఉమ్మడి అన్నప్పుడు మొదట అడగాల్సింది, ఆ ప్రాజెక్టుకు విడిగా రిజిస్టరైన కంపెనీ ఉందా, లేక ఇద్దరి మధ్య ఒప్పందం మాత్రమేనా అని.

విడి కంపెనీ ఉండి, అది పైన చెప్పిన హద్దుల్లో ఒకటి దాటితే రెండు శాతం బాధ్యత ఆ కంపెనీదే. దాని నుంచి తల్లి కంపెనీలకు వచ్చే డివిడెండ్‌ను వాటి లెక్కలో మళ్లీ కలపరు. సింగరేణి ఈ రకం. మాచ్‌ఖండ్‌కు అలాంటి విడి కంపెనీ లేదు. అది రెండు రాష్ట్రాల ఒప్పందం, ఇప్పుడు రెండు రాష్ట్రాల విద్యుత్ సంస్థల చేతిలో ఉంది. కాబట్టి మాచ్‌ఖండ్ పేరు మీద రెండు శాతం అంటూ ఏదీ పుట్టదు. ఆ సంస్థల మొత్తం లాభనష్టాల లెక్కలో అది కలిసిపోతుంది. రెండు కంపెనీలు చేతులు కలిపి ఒకే సీఎస్ఆర్ పని చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది, కానీ ఎవరి లెక్క వాళ్లు విడిగా చూపాలి. ఒకే ట్యాంకు మీద రెండు కంపెనీల బోర్డులు కనిపిస్తే ఎవరి వంతు ఎంత అని అడగడం తప్పు కాదు.

2021 నుంచి నిబంధనల్లో మనకు పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. వేరే ఏ చట్టం ప్రకారమైనా కంపెనీ చేసి తీరాల్సిన పనిని సీఎస్ఆర్‌గా చూపకూడదు. భూసేకరణ చట్టం కింద నిర్వాసితులకు కట్టాల్సిన ఇల్లు సీఎస్ఆర్ కాదు. కంపెనీ ఉద్యోగులకు మాత్రమే ఉపయోగపడే పనీ కాదు. పునరావాస కాలనీలో సీఎస్ఆర్ బోర్డు కనిపిస్తే ఫోటో తీసి దాచండి.

చట్టంలో బలహీనమైన చోట్లూ ఉన్నాయి. కంపెనీ పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలని 135వ సెక్షన్‌లోనే ఉంది. అది మార్గదర్శకమే తప్ప తప్పనిసరి కాదని 2021లో కేంద్ర మంత్రిత్వ శాఖ వివరణ ఇచ్చింది. మన కొండ కింద లాభం తీసి ఎక్కడో నగరంలో ఖర్చు పెట్టినా చట్టం తప్పినట్టు కాదన్నమాట. ఖర్చు కాకుండా మిగిలిన సొమ్ము, కొనసాగుతున్న పనికి చెందినది కాకపోతే, ఆరు నెలల్లో ప్రధానమంత్రి సహాయనిధి లాంటి జాతీయ నిధుల్లో ఒకదానికి పోతుంది. మనం ఏ పనీ అడగని ఏడాది ఆ డబ్బు ఊరి దాకా రాదు.

మళ్లీ సీలేరు

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఎగువ సీలేరు దగ్గర 1,350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టు ప్రతిపాదన ఉంది. కరెంటు మిగిలినప్పుడు కింది జలాశయం నుంచి నీళ్లు పైకి తోడి, కరెంటు కొరత ఉన్న గంటల్లో కిందికి వదిలి యంత్రాలు తిప్పడం దీని పద్ధతి. ఎండ, గాలి కరెంటు పెరిగే కొద్దీ ఇలాంటివి ఇంకా వస్తాయి. మన కొండలకు ఎత్తూ ఉంది, నీళ్లూ ఉన్నాయి కదా. విడి కంపెనీలుగా, ఉమ్మడి కంపెనీలుగా చాలామంది తూర్పు కనుమల వైపు చూస్తున్నారు.

2008 జలవిద్యుత్ విధానంలో స్థానిక ప్రాంత అభివృద్ధి నిధికి 1 శాతం ఉచిత కరెంటు కేటాయించాలని, ప్రాజెక్టు వల్ల దెబ్బతిన్న ప్రతి కుటుంబానికి పదేళ్లపాటు నెలకు 100 యూనిట్లు ఇవ్వాలని ఉంది. మాచ్‌ఖండ్ కాలంలో అది లేకపోయింది, ఇకనైనా దక్కుతుందని ఎవరైనా అనుకోవచ్చు. కానీ 2023 ఏప్రిల్‌లో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాలు పంప్డ్ స్టోరేజ్ ప్రాజెక్టులకు ఉచిత కరెంటు నుంచి, ఆ స్థానిక నిధి నుంచి కూడా మినహాయింపు ఇచ్చాయి. వీటివల్ల పునరావాస సమస్యలు ఉండవన్నది అక్కడ చెప్పిన కారణాల్లో ఒకటి. నీటి ప్రాజెక్టుకు ఖనిజ నిధి ఎటూ వర్తించదు. ఇక మిగిలేది సీఎస్ఆర్ రెండు శాతం, అదీ లాభం వస్తే. దాన్ని ఎక్కడ ఖర్చు పెట్టాలో నిర్ణయించేది కంపెనీ బోర్డు, దాని సీఎస్ఆర్ కమిటీ. ఆ చట్టంలో గ్రామసభ అన్న మాట లేదు. కాబట్టి మన వాటా గురించి మాట్లాడాల్సింది భూమి ఇవ్వడానికి ముందు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూసేకరణకు గ్రామసభ ముందస్తు సమ్మతి కావాలని 2013 భూసేకరణ చట్టం 41వ సెక్షన్ చెబుతోంది. బోర్డు పెట్టాక మాట్లాడితే మిగిలేది శాలువా ఖర్చే.

బొగ్గు జిల్లాల తమ్ముళ్లకు మాత్రం ఒక తలుపు తెరిచే ఉంది. ఖనిజ నిధితో షెడ్యూల్డ్ ప్రాంతంలోని గనుల ప్రభావిత ఊళ్లలో చేపట్టే ప్రతి పనికీ గ్రామసభ ఆమోదం ఉండాలని ఆ నిధి మార్గదర్శకాల్లో రాసి ఉంది. ఏడాది పూర్తయ్యాక ఏ పనికి ఎంత ఖర్చయిందో నివేదికను గ్రామసభకు ఇవ్వాలని కూడా ఉంది. ఆ నివేదిక మీ ఊళ్లో చివరిసారి ఎప్పుడు చదివారో పంచాయతీ కార్యదర్శి దగ్గరున్న తీర్మానాల పుస్తకం తిరగేస్తే తెలుస్తుంది.